బల్ల మీదే పొయ్యి: కొరియన్ గ్రిల్ హోటళ్లపై మీ ప్రశ్నలు

కొరియాలో చదువుకుంటున్నవాళ్లు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్లు, అక్కడికి బయల్దేరబోతున్నవాళ్లు బల్ల మీదే మాంసం కాల్చుకుని తినే చిన్న హోటళ్ల గురించి చాలా ప్రశ్నలు పంపారు. ఒకే రకమైనవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మెనూలో ప్రతి మాంసం పక్కనా ‘1 ఇన్‌బున్’ అని ధర ఉంటుంది. ఇద్దరం వెళ్లి మూడు రకాలు ఒక్కొక్కటి చొప్పున అడిగితే కుదరదన్నారు. అసలు ఎంత చెప్పాలి? ఎలా చెప్పాలి?
– ఒక విద్యార్థి, తేజన్

జవాబు: ఇన్‌బున్ అంటే ఒక మనిషి వాటా. అది ఎన్ని గ్రాములన్నది మాత్రం హోటల్‌ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల 150, కొన్నిచోట్ల 180, ఇంకొన్నిచోట్ల 200 గ్రాములు. ఇది పచ్చి మాంసం బరువు. కాలేటప్పటికి కొవ్వు, నీరు పోయి బాగా తగ్గిపోతుంది. ఎముకతో వచ్చే గల్బి (పక్కటెముకల మాంసం) అయితే మామూలుగా ఎముక బరువు కూడా అందులోనే కలిసి ఉంటుంది. అందుకని ధర ఒక్కటే చూసి చవక అనుకోవద్దు. 150 గ్రాములు 15,000 వోన్లకు ఇచ్చే హోటల్లో వంద గ్రాములకు 10,000 పడుతుంది. 180 గ్రాములు 17,000కు ఇచ్చేచోట సుమారు 9,440 మాత్రమే. ఈ లెక్క కోసం ఫోన్ తీయక్కర్లేదు. మాంసం ధరను వంద గ్రాముల లెక్కన చూపించాలన్న నిబంధన 2013 నుంచి ఉంది, మెనూలో చిన్న అక్షరాల్లో వెతకండి. సియోల్‌లో 200 గ్రాముల సామ్‌గ్యొప్సల్ (పంది పొట్ట మాంసం) సగటు ధర 2024లోనే 20,000 వోన్లు దాటింది. అంతకంటే బాగా తక్కువ కనిపిస్తే మొదట గ్రాములు చూడండి, తర్వాత మాంసం ఏ దేశానిదో చూడండి.

ఇక మీకు ఎదురైన చిక్కు. మొదటి ఆర్డర్‌లో ఒకే రకం కనీసం రెండు వాటాలు చెప్పాలన్నది చాలా హోటళ్ల పద్ధతి. ఒక బల్లకు నిప్పు వేసి, పెనం పెట్టి, అడగకుండానే ఆరేడు గిన్నెల బాన్‌చాన్ (పక్క వంటకాలు) సర్దాలి కదా, ఆ ఖర్చు ఒక్క వాటాతో గిట్టదు. రెండో విడత నుంచి ఒక్కో వాటా అడిగినా చాలాచోట్ల ఇస్తారు. ఇద్దరికైతే మొదట ఒక రకం రెండు వాటాలు, అది సగం అయ్యాక మరో రకం ఒకటి, చివర్లో ఒక నెంగ్‌మ్యోన్ (చల్లటి నూడుల్స్) గానీ అన్నం, పులుసు గానీ చెబితే కడుపు నిండుతుంది. నాలుగు వాటాలూ ఒకేసారి తెప్పించుకుంటే మాంసం బల్ల మీద వెచ్చబడుతూ కూర్చుంటుంది. అది చూసి మీరూ తొందరపడి పెనం నింపేస్తారు. సగం గొడవలు అక్కడే మొదలవుతాయి.

గోడ మీద మాంసం ఎక్కడిదో తెలిపే పట్టిక తప్పనిసరిగా ఉంటుంది. ‘కుక్‌నేసన్’ అంటే కొరియాలో ఉత్పత్తైనది అని మాత్రమే. గొడ్డు మాంసం విషయంలో అదొక్కటే రాసి ఉంటే సరిపోదు. పక్కన ‘హనూ’ అని ఉంటేనే ఆ దేశవాళీ జాతి. ‘యుగు’ అని ఉంటే మాంసం కోసం పెంచిన పాడి జాతి కోడెలది. రెంటి ధరకూ చాలా తేడా.

ప్రశ్న: సామ్‌గ్యొప్సల్ మేం కాలిస్తే ఒకసారి పెనానికి అంటుకుపోతుంది, ఒకసారి పైన నల్లగా లోపల పచ్చిగా ఉంటుంది, ఒకసారి ఉడకబెట్టినట్టు తెల్లగా తయారవుతుంది. పక్క బల్లవాళ్లకు బంగారు రంగులో వస్తుంది. ఏం తప్పు చేస్తున్నాం?
– ముగ్గురు రూమ్‌మేట్లు, సువన్

జవాబు: మూడు లక్షణాలు చెప్పారు. మూడింటికీ కారణాలు వేరు. పెనం వేడెక్కకుండా వేస్తే అంటుకుంటుంది. ఒకేసారి ఎక్కువ వేస్తే ఉడుకుతుంది. మంట తగ్గించకపోతే పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది.

ముందు పెనం. గ్యాస్ మీద దళసరి ఇనుప పెనమైతే పెద్ద మంట మీద మూడు నాలుగు నిమిషాలు ఖాళీగా వదిలేయండి. ఈ మూడు నిమిషాలు ఓపిక పట్టలేకే చాలామంది పాడుచేస్తారు. కొన్ని హోటళ్లలో సిబ్బంది తుపాకీలాంటి థర్మామీటర్‌తో పెనం వేడి చూసిగానీ మాంసం వెయ్యరు. 200 డిగ్రీల సెల్సియస్ దాటితే వెయ్యొచ్చు. మీ దగ్గర అది లేదు కాబట్టి మాంసం చివరి కొవ్వు ముక్క ఒకటి పటకారుతో పట్టి పెనానికి తాకించండి. తాకగానే చిటపటమని గట్టిగా వినిపించాలి. సన్నగా ‘స్‌స్’ అని ఊరుకుంటే ఇంకా ఆగాలి. ఆ కొవ్వునే పెనమంతా రుద్దితే నూనె పని కూడా అయిపోతుంది.

ఇప్పుడు మాంసం. ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల మందం ఉన్న పొడుగు పట్టీలుగా వస్తుంది. ముగ్గురున్నా సరే, మొదట రెండు మూడు పట్టీలే, ఒకదానికొకటి తగలకుండా పరవండి. పెనం నిండా వేస్తే దాని వేడి ఒక్కసారిగా పడిపోతుంది. మాంసంలోంచి ఊరిన నీరు ఆవిరి కాకుండా కిందే నిలుస్తుంది, ముక్కలు ఆ నీటిలోనే ఉడుకుతాయి. మీకు తెల్లగా వచ్చింది అందుకే.

వేశాక మూడు నిమిషాలు ముట్టుకోవద్దు. పక్క అంచు చూస్తూ ఉండండి. కిందినుంచి మూడో వంతు వరకు రంగు మారి, అడుగు అంచు బంగారు రంగుకి తిరిగితే తిప్పే సమయం. పటకారుతో ఎత్తినప్పుడు అంటుకున్నట్టు అనిపిస్తే లాగొద్దు. ఇంకో అర నిమిషం ఆగితే పొర గట్టిపడి దానంతటదే విడుతుంది. లాగితే ఆ పొర పెనానికి మిగిలిపోయి, తర్వాత వేసే ప్రతి ముక్కకీ నల్లగా అంటుతుంది. తిప్పిన తర్వాత మంట మధ్యస్థంగా తగ్గించి రెండు మూడు నిమిషాలు.

ఇప్పుడు కత్తెర. రెండు వైపులా రంగు వచ్చాకే కత్తిరించాలి. మొదట్లోనే ముక్కలు చేస్తే రసం కారిపోయి బిరుసెక్కుతాయి. పటకారుతో పట్టీ ఒక చివర ఎత్తి పట్టుకుని, అడ్డంగా రెండు సెంటీమీటర్ల వెడల్పున కోయండి. కోసిన వైపు లోపలి గులాబీ రంగు కనిపిస్తుంది, కంగారు పడక్కర్లేదు. ఆ ముక్కల్ని కోసిన వైపు పెనానికి ఆనేలా నిలబెట్టి ఒక్కో వైపు అర నిమిషం నుంచి నిమిషం కాల్చండి. సిబ్బంది అంత చకచకా ముక్కల్ని పక్కకి దొర్లించేది దీనికే. తెల్లటి మెత్తెముక బుడిపె ఉన్న ముక్కలకు ఇంకాస్త సమయం ఇవ్వండి. కాలినవి అంచుకి జరిపి, ఉల్లి చక్రాల మీద పెడితే మాడకుండా వేడిగా ఉంటాయి.

పెనం ఒక వైపుకు వాలుగా ఉంటుంది, చివర కొవ్వు కారే రంధ్రం, దాని కింద గిన్నె. మాంసం ఎత్తు వైపు, కిమ్చి, మొలకలు పల్లం వైపు వేయాలి. కారే కొవ్వులోనే కిమ్చి వేగాలి, ఆ రుచి గిన్నెలోని కిమ్చికి రాదు. అయితే మాంసం తిప్పిన తర్వాతే వేయండి. మొదటే వేస్తే మాంసం అయ్యేసరికి అది బొగ్గవుతుంది. కిమ్చి ముక్కో మొలకలో ఆ రంధ్రానికి అడ్డుపడితే కొవ్వు మడుగు కట్టి చేతుల మీదికి చిందుతుంది. మధ్యమధ్యలో పటకారు మొనతో తోసి తెరవండి. గిన్నె నిండితే మీరు తీయకండి, పిలవండి.

ఒక జాగ్రత్త. పచ్చి మాంసాన్ని పటకారుతోనే ముట్టాలి, తినే చాప్‌స్టిక్స్‌తో కాదు. మాంసం మధ్యభాగం 75 డిగ్రీల దగ్గర కనీసం ఒక నిమిషం ఉడకాలన్నది కొరియా ఆహార భద్రత శాఖ చెప్పే లెక్క. పంది మాంసానికి దీన్ని పాటించండి. అన్నిటికంటే మందమైన ముక్కను కత్తెరతో సగం చేసి చూడండి. లోపల ఎర్ర ఛాయ లేకుండా, రసం తేటగా ఉండాలి.

‘దేపే’ అని రాసి ఉంటే ఇదంతా మర్చిపోండి. అది గడ్డకట్టిన మాంసాన్ని చిత్రిక పట్టినట్టు ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన తీసిన చుట్టలు. ఒక్కో వైపు ఇరవై ముప్ఫై సెకన్లు చాలు.

ప్రశ్న: సోయా, పంచదార పట్టించిన గల్బి ఎప్పుడూ నల్లగా మాడిపోతోంది. పెనం మార్చమని ఎన్నిసార్లు అడగొచ్చు? డబ్బు తీసుకుంటారా?
– ఒక పాఠకురాలు, ఇంచియాన్

జవాబు: తీసుకోరు. ఎన్నిసార్లైనా అడగండి. ‘యొగియో, బుల్‌పాన్ కారాజుసెయో’ అంటే చాలు. నిజానికి రెండు వాటాలకు ఒకసారి మార్చాల్సిందే. నల్లటి పెచ్చులు కట్టిన జాలీ మీద కాలిస్తే కొత్త మాంసానికి కూడా చేదు అంటుతుంది.

మసాలాలో సోయా సాస్, పంచదార, వెల్లుల్లి, కొరియన్ పియర్ గుజ్జు ఉంటాయి. పియర్ మాంసాన్ని మెత్తబరుస్తుంది కానీ, దాని తీపి పంచదారతో కలిసి మాంసం ఉడికేలోపే మాడుతుంది. కాబట్టి ఉత్త మాంసానికి చెప్పిన ‘ముట్టుకోవద్దు’ సూత్రం ఇక్కడ తిరగబడుతుంది. గిన్నె అంచు మీద ముక్కను ఆనించి అదనపు రసం కారనివ్వండి. మంట మధ్యస్థం. ప్రతి పదిహేను ఇరవై సెకన్లకు తిప్పుతూ ఉండాలి. బొగ్గుల మీదైతే నడి నిప్పు మీద కాక కొంచెం పక్కగా. అంచుల్లో నల్లబడిన చోట్లు కత్తెరతో తీసేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఎముక మీది మాంసం చివరగా కాలుతుంది, దాన్ని విడిగా కోసి అంచున వదిలేయండి.

ఉత్త మాంసం, మసాలా మాంసం రెండూ తినాలనుకుంటే ఉత్తదే ముందు.

ప్రశ్న: మా బృందంలో ఒకరు గొడ్డు మాంసం తినరు, ఒకరు పంది మాంసం తినరు, ఒకరు పూర్తి శాకాహారి. అందరం కలిసి వెళ్లగలమా?
– ఒక ఇంజనీర్, హ్వాసాంగ్

జవాబు: మొదటి ఇద్దరితో వెళ్లొచ్చు. మూడో మనిషి విషయంలో నిజం చెప్పాలంటే ఈ హోటళ్లు అనుకూలం కావు.

పేర్లలో గుర్తుపట్టడం ఇలా. ‘సో’ గొడ్డు, ‘ద్వేజి’ పంది, ‘దాక్’ కోడి, ‘ఒరి’ బాతు. గల్బి అంటే పక్కటెముకలు, ఏ జంతువుదో ఆ మాట చెప్పదు. అడిగి తీరాలి. బుల్గోగి అంటే మామూలుగా గొడ్డు మాంసం, ‘జేయుక్’ అని ఉంటే పంది. సామ్‌గ్యొప్సల్, మోక్సల్ (మెడ భాగం), హాంగ్‌జాంగ్సల్ (దవడ కింది భాగం) పందివి. చాదొల్బగి, దుంగ్‌షిమ్ గొడ్డువి.

అసలు చిక్కు పెనం మీద కాదు, పక్క గిన్నెల్లో. నెంగ్‌మ్యోన్ చల్లటి రసం చాలా వరకు గొడ్డు మాంసం ఎముకలు, కండతో కాచినదే. దెన్‌జాంగ్ జిగే (ఊరవేసిన సోయా ముద్ద) పులుసులో ఎండు నెత్తళ్ల రసం ఉంటుంది, గ్రిల్ హోటళ్లలో గొడ్డు ముక్కలు కూడా వేస్తుంటారు. గొడ్డు మాంసం హోటళ్లలో పెనాన్ని ఆ కొవ్వుతోనే రుద్దుతారు. కిమ్చిలో ఉప్పు రొయ్యలో చేప సాసో ఉంటుంది. అంటే శాకాహారికి మిగిలేది అన్నం, ఆకులు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్త పెనం మీద కాల్చిన పుట్టగొడుగులు, ఉల్లి. బాన్‌చాన్‌లో సాదాగా కనిపించే మొలకలు కూడా అడిగే తినాలి.

మీ ముగ్గురికీ కాకపోయినా మొదటి ఇద్దరికి కలిసొచ్చేది దాక్‌గల్బి. కోడి మాంసం, క్యాబేజీ, చిలగడదుంప, బియ్యప్పిండి కడ్డీలు ఎర్ర కారం ముద్దతో బల్ల మీది పెద్ద పెనంలో వేయిస్తారు. చున్‌చాన్ ఊరు దీనికి పేరు. సియోల్ నుంచి రైల్లో ఒక్క పూటలో వెళ్లి రావచ్చు.

ప్రశ్న: ఆకులో చుట్టుకుని తినేటప్పుడు అంతా చేతిలో విడిపోతోంది. రెండు కొరుకుల్లో తినొచ్చా?
– పేరు రాయని పాఠకురాలు

జవాబు: రెండు కొరుకుల్లో తింటే ఎవరైనా సరే విడిపోతుంది. సామ్ (ఈ ఆకు చుట్ట) ఒకే ముద్దగా నోట్లోకి పోవాలి, కాబట్టి తగ్గించాల్సింది లోపలి సరుకు. లెట్యూస్ ఆకు పెద్దదైతే కాడ వైపు తుంచేయండి. నీళ్లు దులిపి అరచేతిలో పరవండి, దాని మీద ఒక కెన్నిప్ (పెరిల్లా ఆకు). ఒకే ముక్క మాంసం, బఠాణీ గింజంత సామ్‌జాంగ్ (కారం కలిపిన సోయా ముద్ద), ఒక వెల్లుల్లి పలుకు, కొద్దిగా ఉల్లికాడ సలాడ్. అంతే. అన్నం పెట్టాలనుకుంటే చెంచాలో పావు వంతు. అంచులన్నీ పైకి మడిచి కొద్దిగా మెలి తిప్పండి.

సామ్‌జాంగ్ ఎక్కువైతే మిగతా ఏ రుచీ తెలియదు. మంచి మాంసమైతే మొదటి ముక్కను ఆకు లేకుండా ఉప్పు కలిపిన నువ్వుల నూనెలో అద్దుకుని తినండి. జెజూ ద్వీపం నల్ల పంది మాంసంతో ఇచ్చే గిన్నెలోది మాత్రం సామ్‌జాంగ్ కాదు, ఊరవేసిన నెత్తళ్ల ద్రవం. పెనం మీదే పెట్టి కాగనిచ్చి అందులో ముంచాలి. వాసనకు జడిసి పక్కన పెట్టేస్తారు చాలామంది. కాగాక ఆ ఘాటు చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: మేం సగం కాల్చేలోపే సిబ్బంది వచ్చి పటకారు తీసుకున్నారు. మాకు చేతకాదని అనుకున్నారా?
– కొత్త దంపతులు, పుసాన్

జవాబు: లేదు. చాలా హోటళ్లలో కాల్చిపెట్టడం సేవలో భాగమే. మందపాటి మాంసం, హనూ లాంటి ఖరీదైనది అమ్మేచోట మరీను. పాడైతే పేరు పోయేది వాళ్లది. వాళ్లు తిప్పుతుంటే మీరు మధ్యలో తిప్పకండి. కాలినవి మీ వైపు జరిపితే తినమని అర్థం.

ప్రశ్న: ఆఫీసు విందుకు మొదటిసారి వెళ్తున్నాను. నేనే చిన్న. ఏం చేయాలి?
– ఒక ఉద్యోగిని, పాంగ్యో

జవాబు: బల్ల పక్కన ఉండే సొరుగు లాగితే చెంచాలు, చాప్‌స్టిక్స్ ఉంటాయి. కింద రుమాలు కాగితం పరిచి అందరికీ సర్దడం, గ్లాసుల్లో నీళ్లు పోయడం చిన్నవాళ్ల పని. పటకారు కూడా తరచూ వాళ్ల చేతికే వస్తుంది. పైన రాసిన పద్ధతి చదువుకుని వెళ్లండి. మొదటి కాలిన ముక్కలు పెద్దవాళ్ల వైపు జరపాలి, వాళ్లు చెంచా ఎత్తాకే మీరు. మద్యం పోసేటప్పుడూ పోయించుకునేటప్పుడూ రెండు చేతులు వాడాలి, పెద్దవాళ్ల ఎదురుగా తాగేటప్పుడు ముఖం కొంచెం పక్కకు తిప్పుకుంటారు. తాగకపోతే మొదటి గ్లాసుకు ముందే నవ్వుతూ చెప్పి శీతల పానీయం పోయించుకోండి. మధ్యలో మానడం కంటే అది తేలిక. అన్నం గిన్నె చేత్తో ఎత్తుకోకూడదు, అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకూడదు. రెండోది చనిపోయినవాళ్లకు పెట్టే అన్నం తీరు.

ప్రశ్న: బట్టలకు పట్టే పొగ వాసనకు ఏం చేయాలి? ఒక్కోసారి కళ్లు కూడా మండుతాయి.
– ఇద్దరు పాఠకులు

జవాబు: బల్ల మీదికి దిగే పొగ గొట్టాన్ని కిందికి లాగండి, జాలీకి ఒకటిన్నర జానెడు ఎత్తున ఉండేలా. చాలామంది అది అడ్డమని పైకి తోసేస్తారు, దాంతో పొగంతా మొహం మీదికే. కోటు విప్పి సంచిలో పెట్టి ఇవ్వమనండి, లేదా మీరు కూర్చున్న గుండ్రటి స్టూలు మూత ఎత్తి చూడండి, లోపల బోలు ఉంటే అది కోట్లకే. ఏప్రన్ అడిగితే ఇస్తారు. పొడుగు జుట్టు ముడేసుకోండి.

కొవ్వు బొగ్గుల మీద పడి మంట లేస్తే నీళ్లు చల్లొద్దు. బూడిద లేచి మాంసం మీద పడుతుంది, నూనె చిందుతుంది. మాంసం పక్కకు జరిపి కొన్ని క్షణాలు ఆగితే మంట దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే గంట నొక్కండి. బొగ్గు హోటల్లో గొట్టాలు పనిచేయక గది పొగతో నిండి, తలనొప్పి, వికారం మొదలైతే ఓర్చుకుని కూర్చోకండి. అది కార్బన్ మోనాక్సైడ్ కావచ్చు. వెంటనే బయటికి రండి.

ప్రశ్న: ఒంటరిగా వెళ్తే ఇస్తారా?
– పీహెచ్‌డీ విద్యార్థి, సియోల్

జవాబు: రెండు వాటాలకు డబ్బు కడితే చాలాచోట్ల ఇస్తారు, అయితే రాత్రి ఏడు గంటల రద్దీలో నాలుగు కుర్చీల బల్ల అడగొద్దు. మధ్యాహ్నం భోజనం వేళ దాటాక వెళ్లండి. ఒక్కరికోసం చిన్న గ్రిల్ పెట్టే హోటళ్లు కూడా ఇప్పుడు పెద్ద ఊళ్లలో ఉన్నాయి. అపరిమితంగా పెట్టేచోట్లకు వెళ్తే గోడ మీది షరతులు చదవండి. సమయం పరిమితి ఉంటుంది, పచ్చి మాంసం మిగిలిస్తే అదనంగా వసూలు చేస్తారు.

ప్రశ్న: చివర్లో అందరూ పెనం మీద అన్నం వేయిస్తున్నారు. దాన్ని విడిగా చెప్పాలా? మేం చేస్తే ముద్దైపోయింది.
– రూమ్‌మేట్లు, సువన్ (రెండో ఉత్తరం)

జవాబు: మెనూలో బొక్కుంబాప్ (వేయించిన అన్నం) ఉంటే చెప్పాలి, ముగ్గురికి రెండు సరిపోతాయి. లేకపోతే గిన్నె అన్నం తెప్పించుకుని మీరే చేయొచ్చు, జాలీ మీద కాదు, గట్టి పెనమైతేనే. నాలుగైదు మాంసం ముక్కలు, కొంత కిమ్చి మిగుల్చుకోవాలి. ముద్దవడానికి కారణం కొవ్వు. మడుగంతా వదిలేసి వేశారన్నమాట. రెండు చెంచాల కొవ్వు మాత్రం ఉంచి మిగతాది రంధ్రం వైపు తోసేయండి. నల్ల పెచ్చులు గీకేయండి. మాంసం, కిమ్చి కత్తెరతో సన్నగా కోసి ముందు వేయించి, నీరు ఇగిరాక అన్నం. కలపడం రెండు నిమిషాలు. తర్వాత చెంచా వెనక వైపుతో పెనమంతా పలచగా నొక్కి, మంట తగ్గించి, కలపకుండా మూడు నిమిషాలు వదిలేయండి. అడుగు కరకరలాడేలా పట్టు కడుతుంది. పైన ఎండు సముద్రపు నాచు పొడి, నాలుగు చుక్కల నువ్వుల నూనె మంట ఆర్పాక.

బిల్లు బల్ల దగ్గర ఇవ్వరు, గుమ్మం పక్క కౌంటర్లో కడతారు. మెనూ ధరలోనే పన్ను ఉంటుంది. టిప్పు ఇవ్వక్కర్లేదు, బల్ల మీద డబ్బు వదిలితే మరిచిపోయారనుకుని మీ వెనకే తెచ్చిస్తారు.